లా, ఎంబీఏ రెండూ కావాలా? ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు

మొన్న ఆదివారం మా నాన్న స్నేహితుడు, విజయవాడ వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల షాపు ఉన్నాయన, కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. ఆ అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం. చేతిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ బ్రోచర్. బీబీఏ ఎల్‌ఎల్‌బీ పేజీ మూల మడిచి ఉంది, ఫీజు అంకె కింద బాల్‌పెన్నుతో రెండు గీతలు. మంచినీళ్లు ఇచ్చేలోపే ఆయన అడిగేశారు: "ఐదేళ్లలో లా, బిజినెస్ రెండూ అయిపోతాయంటున్నారమ్మా, ఇంక ఎంబీఏ అక్కర్లేదంట, నిజమేనా?"

నిజం కాదండీ అన్నాను. అక్కడి నుంచి రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఈ నెలలో ఇదే ప్రశ్న అడిగినవాళ్లలో ఆయన మూడోవారు. మిగతా ఇద్దరిలో ఒకరు గుంటూరు బ్రాడీపేటలో ఉండే బ్యాంకు ఉద్యోగి, ఇంకొకడు బీటెక్ అయ్యాక ఏం చేయాలో తేలక ఇంట్లో కూర్చున్న మా పిన్ని కొడుకు. ముగ్గురికీ నేను చెప్పిన సమాధానాలు వేరు. అందుకే మొత్తం ఒకచోట రాసిపెడుతున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో. బీకాం విజయవాడలోనే చదివాను, తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, నాలుగేళ్లు కోర్టులో ప్రాక్టీసు, ఆ తర్వాత రెండేళ్ల ఎంబీఏ, ఇప్పుడు ఆహార ఎగుమతులు చేసే ఒక కంపెనీలో లీగల్ పనులు చూస్తున్నాను. అంటే రెండు డిగ్రీలూ విడివిడిగా చేసినదాన్ని. నా దారే గొప్పదని చెప్పడానికి రాయట్లేదు, కానీ రెండూ చేశాకగానీ తెలియని విషయాలు కొన్ని ఉన్నాయి, వాటిని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నల్లకోటు, జీతం, షాపు: మూడూ ఒకేసారి కుదరవు

మన దగ్గర "లా కూడా, బిజినెస్ కూడా" అనుకునేవాళ్ల మనసులో ఉండే బొమ్మ ఏంటంటే, పొద్దున కోర్టుకెళ్లొచ్చి సాయంత్రం సొంత కంపెనీ చూసుకోవడం, లేదంటే కంపెనీలో మంచి జీతం తీసుకుంటూ ఆ కంపెనీ కేసులే కోర్టులో వాదించడం. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ దీనికి ఒప్పుకోవు. 47వ రూల్ ప్రకారం అడ్వకేటు స్వయంగా వ్యాపారం నడపకూడదు, పెట్టుబడి మాత్రమే పెట్టే స్లీపింగ్ పార్ట్‌నర్‌గా మాత్రం ఉండొచ్చు, అదీ ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి భంగం కలిగించేది కాకపోతేనే. 48వ రూల్ కంపెనీలో డైరెక్టరుగా ఉండనిస్తుంది కానీ రోజువారీ నిర్వహణ బాధ్యతలు ఉండకూడదు, మేనేజింగ్ డైరెక్టరుగానో సెక్రటరీగానో అసలు ఉండకూడదు. 49వ రూల్ ఫుల్‌టైమ్ జీతం మీద పనిచేయనివ్వదు, ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు ఆపేయాలి. నేను చేసింది అదే. నా గౌను బీరువాలో పై అరలో కవరులో ఉంది.

మన ఊళ్లలో వ్యాపార కుటుంబాల పిల్లలకు వీటన్నిటికంటే ముఖ్యమైంది 50వ రూల్. వారసత్వంగా వచ్చిన కుటుంబ వ్యాపారంలో వాటా ఉంచుకోవచ్చు, కానీ దాని నిర్వహణలో స్వయంగా పాల్గొనకూడదు. ఈ రూల్ చెప్పగానే వస్త్రలత బాబాయిగారు ఒక నిమిషం మాట్లాడలేదు. ఆయన లెక్క ఏంటంటే అమ్మాయి లాయరైతే షాపు జీఎస్టీ గొడవలూ రావాల్సిన బాకీల కేసులూ తనే చూసుకుంటుంది, కౌంటరూ తనే చూసుకుంటుంది. కోర్టులో ప్రాక్టీసు చేస్తూ కౌంటర్లో కూర్చోవడం కుదరదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కోర్సు అమ్మేవాళ్లు ఎందుకు చెబుతారు?

కాబట్టి ఏ కాలేజీ, ఏ డిగ్రీ అని వెతకడానికి ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ముప్పై ఏళ్లొచ్చేసరికి ఏ కుర్చీలో కూర్చోవాలని ఉంది? జడ్జి ఎదురుగానా, కంపెనీ లీగల్ విభాగంలోనా, సొంత గల్లాపెట్టె దగ్గరా? మూడింటికీ దారులు వేరు, వాటిలో ఒకదానికి మాత్రమే రెండు డిగ్రీలూ గట్టిగా పనికొస్తాయి. అది మధ్యది.

ఐదేళ్ల బీబీఏ ఎల్‌ఎల్‌బీలో ఏముంటుంది

ఇంటర్ తర్వాత నేరుగా చేరే కోర్సు ఇది. ఐదేళ్లకు బీబీఏ, ఎల్‌ఎల్‌బీ రెండు డిగ్రీలూ చేతికొస్తాయి, ఒక ఏడాది కలిసొస్తుంది. అంతవరకూ బ్రోచర్ చెప్పేది నిజమే. కానీ అందులో ఉండే బిజినెస్ చదువు బీబీఏ స్థాయిది. మేనేజ్‌మెంట్ సూత్రాలు, అకౌంట్స్, మార్కెటింగ్, ఎకనామిక్స్ మొదటి రెండు మూడేళ్లలో వచ్చి వెళ్లిపోతాయి, తర్వాతదంతా లానే. దీన్ని ఎంబీఏతో సమానమనుకుంటే పొరపాటు. ఎంబీఏ అడిగే ఉద్యోగానికి ఇది చెల్లదు, మంచిచోట ఎంబీఏ చేయాలంటే మళ్లీ క్యాట్ లాంటి ప్రవేశ పరీక్ష రాయాల్సిందే.

అయినా మంచిచోట సీటు వస్తే ఈ దారి చాలా బలమైనది. నేషనల్ లా యూనివర్సిటీల్లో దాదాపు అన్నిటికీ క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, 120 ప్రశ్నలు, రెండు గంటలు, ప్రతి తప్పుకూ పావు మార్కు కోత. పేపరంతా ఇంగ్లిషే, పొడవాటి పేరాలు చదివి జవాబివ్వాలి. మన దగ్గర ఇంటర్లో లెక్కలు దంచిన పిల్లలు కూడా ఇక్కడే ఇబ్బంది పడతారు, ఎందుకంటే రెండేళ్లలో సిలబస్ పుస్తకం తప్ప ఇంకోటి చదివించరు. కటక్‌లోని ఒడిశా నేషనల్ లా యూనివర్సిటీలో బీబీఏ ఎల్‌ఎల్‌బీ ఉంది. ఐఐఎం రోహ్‌తక్ కూడా 2021 నుంచి ఐదేళ్ల లా కోర్సు నడుపుతోంది, మేనేజ్‌మెంట్ సంస్థలో కూర్చుని లా చదవడం కాబట్టి బిజినెస్ వైపు మొగ్గున్నవాళ్లు దాన్ని తప్పకుండా చూడాలి. మన విశాఖలోని దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీ కూడా క్లాట్‌లోనే వస్తుంది. బీబీఏ కాకపోయినా, కార్పొరేట్ లా చదవడానికి ఆ పేరు ముఖ్యం కాదు. మంచి యూనివర్సిటీలో బీఏ ఎల్‌ఎల్‌బీ దొరుకుతుంటే, బీబీఏ అనే మూడక్షరాల కోసం ఊరూపేరూ తెలియని కాలేజీకి వెళ్లకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

ఫీజు విషయానికొస్తే నేషనల్ లా యూనివర్సిటీల్లోనే హాస్టల్‌తో కలిపి ఏడాదికి రెండు మూడు లక్షల పైమాటే. ప్రైవేటులో ఇంకా పెరగొచ్చు. విజయవాడ, గుంటూరు మధ్యలోనే విట్-ఏపీ, వడ్డేశ్వరంలో కేఎల్ యూనివర్సిటీ ఐదేళ్ల లా కోర్సులు ఇస్తున్నాయి, ఇంటికి దగ్గర కాబట్టి చాలామంది అటు చూస్తారు. దగ్గర్లో ఉన్నదైనా దూరంగా ఉన్నదైనా ఏ ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్లినా అడగాల్సినవి ఒకటే. ఈ ఏడాదికి బార్ కౌన్సిల్ అనుమతి కాగితం చూపించమనండి, పాతది కాదు. మూట్ కోర్టులు (పిల్లలు కేసులు వాదించి నేర్చుకునే నమూనా కోర్టులు) ఎన్నిసార్లు పెట్టారో అడగండి. ఇంటర్న్‌షిప్‌లు కాలేజీ ఇప్పిస్తుందా, పిల్లలే తిప్పలు పడి తెచ్చుకుంటున్నారా కనుక్కోండి. అడ్మిషన్ ఆఫీసులో కాకుండా క్యాంటీన్ దగ్గర నిలబడి నాలుగో ఏడాది చదివే ఇద్దరు పిల్లలతో మాట్లాడండి, పావుగంటలో అసలు సంగతి తెలిసిపోతుంది.

డిగ్రీ, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, తర్వాత ఎంబీఏ

మన వైపు ఎక్కువమందికి కుదిరే దారి ఇదే, నేను వెళ్లిందీ ఇదే. ఏదైనా డిగ్రీ ఉండాలి, జనరల్ కేటగిరీకి 45 శాతం మార్కులు చాలు. లాసెట్ అనే రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష రాయాలి, 120 ప్రశ్నలు, గంటన్నర, నెగిటివ్ మార్కులు లేవు. క్లాట్‌తో పోలిస్తే చాలా తేలిక. గుంటూరులో ఏసీ లా కాలేజీ, జేసీ లా కాలేజీ, విజయవాడ కానూరులో సిద్ధార్థ లా కాలేజీ ఉన్నాయి, కన్వీనర్ కోటాలో సీటొస్తే ఫీజు మధ్యతరగతి ఇంటికి భారం కాదు. ఇంకొంచెం పెద్దగా చూసేవాళ్లకు బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2022 నుంచి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మొదలుపెట్టింది, దానికి వాళ్ల సొంత పరీక్ష ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి సీయూఈటీ పీజీ రాయాలి. డిగ్రీలో మంచి మార్కులుండి ఇంగ్లిష్ మీద పట్టున్నవాళ్లు ఈ రెండూ రాయకుండా లాసెట్ ఒక్కటే రాసి ఊరుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక ముందు ఏది అన్న ప్రశ్న. ముందు ఎంబీఏ చేసి, కాస్త సంపాదించి, తర్వాత లా చేద్దాంలే అనుకునేవాళ్లు చాలామంది. నేను వద్దంటాను, దానికి కారణం చాలా మామూలుది. ఎంబీఏని ఉద్యోగం చేస్తూ చేయడానికి పది దారులున్నాయి, ఆన్‌లైన్ ఉంది, వారాంతం ఉంది, ఎగ్జిక్యూటివ్ ఉంది. ఎల్‌ఎల్‌బీకి అవేమీ లేవు. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో అడ్వకేటుగా ఎన్‌రోల్ కాలేం, బార్ కౌన్సిల్ రూల్స్ ప్రతి సబ్జెక్టులో 70 శాతం అటెండెన్స్ అడుగుతాయి. ఎంబీఏ చేసి, నెలకు లక్షో లక్షన్నరో తెచ్చుకుంటూ, ఇంటి లోన్ ఈఎంఐ కడుతూ, పెళ్లయి పిల్లలుండగా, ఆ ఉద్యోగం వదిలేసి మూడేళ్లు రోజూ క్లాసులో కూర్చోగలిగేవాళ్లు ఎంతమంది? ఇంట్లో బాధ్యతలు తక్కువగా ఉన్న వయసులో లా అయిపోవాలి. ఎంబీఏ ఆగుతుంది, పైగా నాలుగేళ్ల అనుభవంతో వెళ్తే ఎంబీఏలో సీటుకూ బలమే, చదివింది బుర్రకెక్కడానికీ బలమే.

రెండూ ఒకేసారి రెగ్యులర్‌గా చేసేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చని చెప్పిన దగ్గర్నుంచి ఈ ఆలోచన పెరిగింది. కానీ లా విషయంలో బార్ కౌన్సిల్ మాట చూసుకోవాలి. 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో ఎల్‌ఎల్‌బీతో పాటు ఇంకో రెగ్యులర్ కోర్సు చేయకూడదని స్పష్టంగా ఉంది, దూరవిద్య కోర్సుకు మాత్రం మినహాయింపు ఉంది. 2024 సెప్టెంబరులో ఇంకో సర్క్యులర్ వచ్చింది. చదువుతుండగా వేరే రెగ్యులర్ డిగ్రీ చేస్తున్నారా, ఉద్యోగంలో ఉన్నారా అనేది విద్యార్థి రాసివ్వాలి, కాలేజీలు బయోమెట్రిక్ అటెండెన్స్ పెట్టాలి అని. కాబట్టి ఎల్‌ఎల్‌బీ చదువుతూ దూరవిద్యలో ఎంబీఏ చేయడం రూల్ ప్రకారం కుదురుతుంది. దానివల్ల ఫైనాన్స్, అకౌంట్స్ తెలుస్తాయి, అది మంచిదే. క్యాంపస్ ప్లేస్‌మెంట్ మాత్రం రాదు, ఎంబీఏలో సగం విలువ అదే కాబట్టి దాన్ని ఆశించి డబ్బు కట్టొద్దు.

అటెండెన్స్ గురించి ఒక మాట

నేను చదివిన కాలేజీ పేరు, ఊరు ఇక్కడ అనవసరం. చేరిన వారానికే ఆఫీసులో ఒకాయన పిలిచి, "నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టేసి వెళ్లమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. రిజిస్టరు తెరిస్తే సోమవారం నుంచి శనివారం దాకా ఒకే ఇంకుతో ఒకే వాలుతో సంతకాలు. అప్పట్లో అదొక సౌకర్యం అనిపించింది, రెండేళ్లు అలాగే గడిపాను. ఆ సౌకర్యం ఖరీదు జూనియర్‌గా చేరిన మూడో నెలలో తెలిసింది.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన, బౌన్సయిన చెక్కు, చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో ఒక కవర్లో పెట్టి తెచ్చారు. మా సీనియర్ ఆ వారం నేలపాడు హైకోర్టులో ఒక పెద్ద కేసులో ఉన్నారు. నేను కవరు తీసుకుని ఫైల్లో పెట్టాను, నోటీసు తీరిగ్గా రాద్దామనుకున్నాను. చెక్కు బౌన్సయిన సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, నోటీసు అందాక 15 రోజులు గడువివ్వాలి, అప్పటికీ డబ్బు కట్టకపోతే నెలలోపు కోర్టులో కంప్లయింటు వేయాలి. ఈ మూడంకెలు పరీక్షలో రాశాను కూడా. కానీ మెమో మీద తేదీ చూడాలన్న ధ్యాస లేదు. సీనియర్ ఫైలు తెరిచేసరికి 30 రోజులు దాటి రెండు రోజులైంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చెక్కు తీసి దాని మీద తేదీ చూశారు, మూడు నెలలు ఇంకా కాలేదు. అదే రోజు మళ్లీ బ్యాంకులో వేయించారు, మళ్లీ మెమో తెప్పించారు, కొత్తగా నోటీసు పంపించారు. ఇంకో పది రోజులు ఆలస్యమై ఉంటే ఆ దారీ మూసుకుపోయేది, ఆయన ఆరున్నర లక్షలకు చెక్కు బౌన్స్ కేసే ఉండేది కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే "రాకపోయినా పర్లేదు" అనే కాలేజీలో చేరొద్దు అంటున్నాను. డిగ్రీ వస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి కష్టార్జితం మన చేతిలో ఉన్నప్పుడు ఆ డిగ్రీ ఏం చేయలేదు.

ఎంబీఏ నాకు ఏం ఇచ్చింది

కోర్టులో నాలుగేళ్లు నేను ప్రతి గొడవనూ కేసుగానే చూశాను. ఎవరిది తప్పు, ఏ సెక్షను, ఏ రిలీఫు. ఎంబీఏ తర్వాత మారింది ఇది. మా కంపెనీ ఒక సప్లయర్‌కు మిర్చికి అడ్వాన్సు ఇచ్చింది, ఆయన టిక్కీలు (మిర్చి బస్తాలు) పంపలేదు, డబ్బూ తిరిగివ్వలేదు. ఆఫీసులో అందరూ కేసు వేద్దామన్నారు, ఇన్‌సాల్వెన్సీకి వెళ్దామని కూడా ఒకరన్నారు. బాకీ కోటి దాటితేనే దివాలా చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లగలం, మాది దాటింది, కాబట్టి దారైతే ఉంది. నేను ముందు ఆ కంపెనీ మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో ఫీజు కట్టి తీశాను. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకంతా బ్యాంకుకు తాకట్టులో ఉంది. ఏడాదిలో కట్టాల్సిన అప్పులు చేతిలో ఉన్న ఆస్తుల కంటే ఎక్కువున్నాయి. కేసు గెలిచినా, దివాలాకు లాగినా, మాకంటే ముందు బ్యాంకు నిలబడుతుంది. మాకు మిగిలేది కాగితమే. ఆయన్ని పిలిచి మాట్లాడి, కొత్త పంటలో సరుకు రూపంలో సగం, మిగతాది 14 వాయిదాల్లో రాయించుకున్నాం. అగ్రిమెంటు రాయడం లా నేర్పింది. ఆ అగ్రిమెంటుకే వెళ్లాలని చెప్పింది ఎంబీఏ.

రెండూ కలిసిన మనిషి అవసరం సరిగ్గా ఇలాంటి చోటే ఉంటుంది. కంపెనీల లీగల్ విభాగాలు, కంపెనీల కొనుగోళ్లు చూసే పెద్ద లా ఫర్ములు, రియల్ ఎస్టేట్, ఇన్‌ఫ్రా ప్రాజెక్టులు. అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక ఈ పక్కన కాంట్రాక్టులు చదివి అందులో డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పగలిగేవాళ్ల కోసం వెతుకుతున్నారు, ఇది నేను రోజూ చూస్తున్నదే. ల్యాండ్ పూలింగులో ప్లాటు వచ్చిన రైతు డెవలప్‌మెంటు అగ్రిమెంటు పట్టుకుని వస్తే, అందులో చట్టం ఎంతుందో లెక్కా అంతే ఉంటుంది.

కానీ ఎంబీఏ ఎక్కడ చేస్తామన్నది లా కంటే ఎక్కువ ముఖ్యం. ఐఐఎం అహ్మదాబాద్‌లో రెండేళ్ల కోర్సు ఫీజు 25 లక్షలు దాటింది, అయినా అక్కడ సీటొస్తే అప్పు చేసైనా వెళ్లమంటాను. రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి ఏదో ఒక కాలేజీలో ఎంబీఏ పూర్తిచేయడం మాత్రం చేతిలో ఇప్పటికే ఎల్‌ఎల్‌బీ, నాలుగేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లకు రెండేళ్ల సమయం పోగొట్టుకోవడమే. ఆ రెండేళ్లలో సీనియర్ దగ్గర కంపెనీ కేసులు చూసినా అంతకంటే ఎక్కువ నేర్చుకుంటారు.

అమెరికా జేడీ-ఎంబీఏ

సినిమాల్లో, లింక్డ్‌ఇన్‌లో చూసి దీని గురించి అడిగేవాళ్లున్నారు. అక్కడ లా అంటే డిగ్రీ తర్వాత మూడేళ్ల జేడీ, ఎంబీఏ రెండేళ్లు, విడివిడిగా ఐదేళ్లు. కలిపి చేస్తే కొన్ని సబ్జెక్టులు రెండింటికీ లెక్కలోకొచ్చి నాలుగేళ్లలో అవుతుంది, పెన్సిల్వేనియా, నార్త్‌వెస్టర్న్ లాంటిచోట్ల మూడేళ్ల కోర్సు కూడా ఉంది. పెద్ద యూనివర్సిటీల్లో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 75 వేల డాలర్లు దాటిపోయింది. అక్కడే స్థిరపడి అక్కడి చట్టంలో పనిచేయాలనుకునేవాళ్లకే ఇది. తిరిగొచ్చి ఇక్కడ కోర్టుకెళ్లాలంటే ఆ డిగ్రీని మన బార్ కౌన్సిల్ గుర్తించి ఉండాలి, వాళ్లు పెట్టే అర్హత పరీక్ష కూడా పాసవ్వాలి. అమెరికా అనుభవం కావాలంటే ఇక్కడ లా చేసి అక్కడ ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేయడం చాలా చవక, ఆ దారిలో న్యూయార్క్ బార్ పరీక్ష రాసిన మనవాళ్లు ఎంతోమంది.

ఎంబీఏకి బదులు సీఎస్

గుంటూరు, విజయవాడల్లోనే ఉండి కంపెనీలతో పనిచేయాలనుకునేవాళ్లు ఎల్‌ఎల్‌బీ, ఎంబీఏ కంటే ఎల్‌ఎల్‌బీ, కంపెనీ సెక్రటరీ (సీఎస్) కోర్సు గురించి ఆలోచించండి. లిస్టెడ్ కంపెనీలకు, పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) పది కోట్లు దాటిన కంపెనీలకు ఫుల్‌టైమ్ కంపెనీ సెక్రటరీ ఉండాలని చట్టమే చెబుతోంది. ఆ కుర్చీ చట్టం వేసిన కుర్చీ. ఎంబీఏకి అలాంటి కుర్చీ ఏ చట్టమూ వేయలేదు. ఖర్చు పెద్ద సంస్థల ఎంబీఏలో పదో వంతు కూడా ఉండదు. పరీక్షలు కష్టం, ఏళ్లు పడతాయి, ఓపిక కావాలి, అది మాత్రం ముందే తెలుసుకుని దిగండి. దివాలా కేసుల్లో ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్ కావాలన్నా పదేళ్ల అనుభవం ఉన్న అడ్వకేటుకో, సీఏకో, సీఎస్‌కో దారి ఉంది.

జడ్జి పరీక్ష రాయాలనుకునేవాళ్లు ఎంబీఏ మాట మర్చిపోండి. 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. ఎంబీఏకి పెట్టే రెండేళ్లు కోర్టులో పెట్టండి.

ఇంకొక్క చిన్న విషయం, డబ్బు దగ్గర. అడ్వకేటుగా ఎన్‌రోల్ కావడానికి వేలకు వేలు కట్టాలని ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు. 2024 జులైలో సుప్రీంకోర్టు జనరల్‌కు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని తేల్చేసింది. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. జూనియర్‌గా మొదటి ఏడాది నాకు నెలకు ఐదు వేలిచ్చేవారు, గవర్నర్‌పేటలో ఆఫీసుకు వెళ్లిరావడానికే సగం అయ్యేది. ఇంట్లో రెండు మూడేళ్లు ఆదుకునేవాళ్లు లేకపోతే ప్రాక్టీసు చాలా కష్టం, ఈ లెక్క దాచిపెట్టి ఎవరికీ సలహా ఇవ్వలేను.

ముగ్గురికీ నేను చెప్పింది

బ్యాంకు ఉద్యోగి గారికి ఎల్‌ఎల్‌బీ వద్దన్నాను. ఆయనకు 38 ఏళ్లు. వయసు అడ్డం కాదు, ఇద్దరు పిల్లలు, బదిలీల ఉద్యోగం, రోజూ క్లాసుకెళ్లే వీలు లేదు. ఎవరో "మేం మేనేజ్ చేస్తాం" అన్నారట, బయోమెట్రిక్ రోజుల్లో అది తర్వాత డిగ్రీకే ఎసరు తెచ్చే పని. ఆయనకు కావాల్సింది ప్రమోషన్, దానికి పేరున్న యూనివర్సిటీలో ఆన్‌లైన్ ఎంబీఏ సరిపోతుంది.

మా పిన్ని కొడుక్కి మెకానికల్ బీటెక్ ఉంది. "అక్కా, లా, ఎంబీఏ రెండూ చేస్తే ఇంజనీరింగ్ వేస్టయినట్టేగా" అన్నాడు. వేస్టు ఎందుకవుతుంది రా అని ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇంజనీర్లు చేరగలిగే మూడేళ్ల మేధోసంపత్తి లా కోర్సు చూపించాను. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్సు లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉండి తీరాలి, లా డిగ్రీ ఒక్కటే ఉంటే కుదరదు. అంటే అందరు లాయర్లకూ లేని తాళంచెవి వాడి దగ్గర ఇప్పటికే ఉంది. ఎంబీఏ గురించి ఐదేళ్ల తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

ఇక వస్త్రలత అమ్మాయి. ఈ డిసెంబరు క్లాట్ గట్టిగా రాయమన్నాను, నేషనల్ లా యూనివర్సిటీలో సీటొస్తే బీబీఏనా బీఏనా అని చూడకుండా చేరిపోవాలి. రాకపోతే ఆ బ్రోచర్లో ఉన్న ఫీజు కట్టొద్దు. విజయవాడలోనే మంచి కాలేజీలో బీకాం, పక్కన సీఎస్ మొదలుపెట్టడం, తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. ఆయన అంతా విని, "మరి షాపు ఎవరు చూస్తారమ్మా?" అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు, ముప్పై ఏళ్లు నిలబడి కట్టుకున్న షాపు. అమ్మాయి అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు మెల్లగా, "నాన్నా, నాకు ఇంకా తెలీదు, కోర్టు నేనెప్పుడూ చూడలేదు" అంది.

అది వినేదాకా నాకూ తట్టలేదు. ఐదేళ్లూ లక్షలూ పెట్టే ముందు ఆ పని జరిగే చోటు ఒక్కసారైనా చూడాలి కదా. కోర్టు హాల్లో వెనక బెంచీలో ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ వద్దనరు. వచ్చే బుధవారం నాకు సెలవు, పదిన్నరకల్లా ఆ అమ్మాయిని విజయవాడ కోర్టు కాంప్లెక్సుకు తీసుకెళ్తున్నాను. మధ్యాహ్నం వాళ్ల నాన్న దగ్గర లెక్కలు రాసే గుమాస్తాగారి పక్కన కూర్చుని ఈ నెల జీఎస్టీ రిటర్ను ఎలా వేస్తున్నారో చూస్తుంది. బ్రోచరు అంతవరకూ పక్కన పెట్టమన్నాను.